దసరాకి బొట్టు పెట్టిన మిషన్ కోతకి సిద్ధమైనట్టేనా?

దసరాకి కోత మిషన్ కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి పూజ చేస్తాం. మంచి ఆచారం, మా షెడ్డులోనూ చేస్తాం. ఆ తర్వాత "ఇంక కోతకి రెడీ" అని బండి పక్కన పెట్టేస్తేనే నాకు టెన్షన్. విశాఖ దగ్గరి పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. తుఫాన్ల భయమూ అప్పుడే. వాయుగుండం అన్న మాట వినగానే అందరి చేలూ ఒకేసారి కోయాలంటారు. ఆ రోజు బేరింగ్ పోతే చేను నేల పాలు.

అపోహ: కడిగితే చాలు.

వాస్తవం: ప్రెషర్ నీళ్ళు బేరింగుల్లోకి, వైరింగ్ జాయింట్లలోకి వెళ్తాయి. గింజల్ని ట్యాంకులోకి ఎక్కించే ఎలివేటర్ అడుగున మిగిలిన పాత గడ్డి, గింజలు తడిసి ఇనుమును తినేస్తాయి. మనకి సముద్రపు గాలి కూడా తోడు. అందుకే ముందు గాలితో, బ్రష్షుతో పొడిగా దులపాలి. కడిగితే ఎండలో బాగా ఆరనిచ్చి గ్రీజు పాయింట్లన్నిటికీ కొత్త గ్రీజు కొట్టాలి. దులిపేటప్పుడు ఎలుక గూళ్ళు కూడా చూడండి. వైర్లు కొరికేసి ఉంటాయి, సైలెన్సర్ పక్కన గూడుంటే నిప్పు అంటుకుంటుంది.

"పోయినేడు బాగానే నడిచింది కదా" అనేది ఇంకో మాట. నెలల తరబడి కదలకుండా ఉంటే బెల్టు గట్టిపడి పగుళ్ళు వేస్తుంది. ఒక రైతు బెల్టు జారుతోందని దానికి గ్రీజు రాశాడు. ఇంకా జారి, వేడెక్కి, చేను మధ్యలో తెగింది. కొత్త బెల్టు కోసం ఊళ్ళోకి వెళ్ళొచ్చేసరికి చీకటి పడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. పగిలిన బెల్టు ముందే మార్చండి, ఒకటి దగ్గర ఉంచుకోండి.

అపోహ: డ్రమ్ము ఎంత జోరుగా తిరిగితే గింజ అంత బాగా రాలుతుంది.

వాస్తవం: రాలుతుంది, విరుగుతుంది కూడా. మిల్లులో నూక పెరిగేది ఇక్కడే. స్పీడు మరీ తగ్గినా, డ్రమ్ముకీ కింది జల్లెడకీ సందు ఎక్కువైనా గింజ గడ్డితో పాటు వెనక్కి పోతుంది. ఒకే సెట్టింగు రోజంతా పనికిరాదు. పొద్దున్న మంచుకి తడిసిన వరి వేరు, మధ్యాహ్నం ఆరిన వరి వేరు. పది అడుగులు కోసి ఆపండి. ట్యాంకులోంచి గుప్పెడు ధాన్యం తీసి విరిగిన గింజలు చూడండి. వెనక పడ్డ గడ్డిలో వెన్నులకి గింజలు మిగిలాయేమో చూడండి. సందు గానీ స్పీడు గానీ ఒక్కటే మార్చి మళ్ళీ పది అడుగులు కోయండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

ఇంజన్ ఆయిల్ నల్లబడితే పాడైపోయిందనుకోకండి. డీజిల్ ఇంజన్లో అది మామూలే, గంటల లెక్క చూసి మార్చాలి. పాలలా తెల్లబడితే మాత్రం నీళ్ళు కలిశాయని అర్థం. స్టార్ట్ చేయొద్దు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ: జామ్ అయితే క్లచ్ తీసి చెయ్యి పెట్టొచ్చు. పెట్టకండి. డ్రమ్ము బరువైనది, క్లచ్ విడదీశాక కూడా కాసేపు తిరుగుతుంది. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, అది పూర్తిగా ఆగాకే కవరు తీయండి.