జిప్సం రోడ్డు తగవు: 1992లో తెరిచి ఉంచిన కిటికీ

ఫ్లోరిడాలోని పోల్క్ కౌంటీలో, మొజాయిక్ ఎరువుల కంపెనీ తన న్యూవేల్స్ ఫ్యాక్టరీ ఆవరణలో వేస్తానన్న రోడ్డు ముక్క 2025లో కోర్టుకెక్కింది. రోడ్డు అడుగున పరిచేది ఫాస్ఫోజిప్సం. ఎరువులకు వాడే ఫాస్ఫారిక్ యాసిడ్ టన్ను తీస్తే సుమారు 5 టన్నులు మిగిలే ఈ వ్యర్థం ఫ్లోరిడాలో గుట్టలుగా 100 కోట్ల టన్నులు పేరుకుపోయిందన్నది పాత వార్తే.

ముడి పడింది 1992లో. ఈ జిప్సంలో రేడియోధార్మిక లోహం రేడియం ఉంటుంది, దాని నుంచి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు వెలువడుతుంది. అందుకే గుట్టల్లోనే ఉంచాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రూలు పెట్టింది. రేడియం గ్రాముకు 10 పికోక్యూరీలు (రేడియోధార్మికత కొలత) మించకపోతే పొలాలకు వాడుకోవచ్చంది. మధ్య ఫ్లోరిడా సరుకు ఆ హద్దు దాటుతుంది. రోడ్లకు మాత్రం వద్దంది. ఎందుకంటే, రోడ్డు పాడుబడ్డాక ఎవరైనా దాని మీద ఇల్లు కట్టుకుంటే? లెక్క వేస్తే ప్రమాదం ఎక్కువని తేలింది. అయినా ఒక కిటికీ తెరిచి ఉంచింది: గుట్టలో ఉంచినంత సురక్షితమని చూపిస్తే వేరే వాడకానికి అనుమతి అడగొచ్చు.

అంటే కొలబద్ద గుట్టే. ఆ గుట్ట సంగతి చూడండి. 2016లో ఇదే న్యూవేల్స్‌లో గుట్ట కింద నేల కుంగి, సుమారు 81 కోట్ల లీటర్ల కలుషిత నీరు భూగర్భంలోకి పోయింది. 2021లో ఫ్లోరిడాలోనే పైనీ పాయింట్ అనే పాత ఎరువుల ఫ్యాక్టరీలో, గుట్ట మీది చెరువు కట్టకు లీకు పడితే దాదాపు అంతే నీటిని టాంపా బే అఖాతం వైపు వదిలారు. చుట్టుపక్కల 300కు పైగా ఇళ్లు ఖాళీ చేయించారు.

గుట్టలు తగ్గాలంటే వాడకం పెరగాలన్నది కంపెనీల మాట. పర్యావరణ సంఘాల వాదన మాత్రం ఇంకాస్త దూరం వెళ్తుంది: రోడ్డు పనివాళ్ల మాటేమిటి, రోడ్డు కింద భూగర్భ జలాల మాటేమిటి, ప్రయోగమని మొదలుపెట్టింది రేపు మామూలైపోదా అని. గుట్ట ఎక్కడుందో, ఎవరిదో అందరికీ తెలుసు. వందల మైళ్ల రోడ్ల కింద పరిచాక అడిగేదెవరిని?

2020 అక్టోబరులో ఈపీఏ రోడ్లకు ఒప్పుకుంది, 2021 జూన్‌లో వెనక్కి తీసుకుంది. కారణం దరఖాస్తులో ఉండాల్సిన వివరాలు లేకపోవడం. క్షేమమా కాదా అన్నది అప్పుడూ తేలలేదు. 2023లో ఫ్లోరిడా రాష్ట్రం రోడ్లలో వాడకంపై అధ్యయనానికి చట్టం తెచ్చింది. 2024 డిసెంబరులో న్యూవేల్స్ రోడ్డుకు, ప్రయోగంగా, ఈపీఏ అనుమతి వచ్చింది.

మన దగ్గరా ఈ జిప్సం సిమెంటుకు, చేలకు వెళ్తోంది. గోడ పలకల్లో వాడకానికి అణుశక్తి నియంత్రణ మండలి 2009లోనే రేడియం హద్దు పెట్టింది.

ఫ్లోరిడా అనుమతి ఫ్యాక్టరీ కంచె లోపలి వరకే. బయట ఒక్క అడుగు వేయాలన్నా మళ్లీ ఆ 1992 కిటికీ దగ్గరే నిలబడాలి.