పహణిలో లేని సేద్యగాడు: దేవనహళ్ళి వివాదం వెనుక 1974

బెంగళూరు శివార్లలో, దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో (తాలూకాలో ఒక భాగం) 1,777 ఎకరాల సేకరణను విరమిస్తున్నట్టు ముఖ్యమంత్రి సిద్దరామయ్య 2025 జూలై 15న ప్రకటించారు. ఇష్టపడి ఇచ్చేవారి భూమి మాత్రం తీసుకుంటామని కూడా అప్పుడే చెప్పారు. తగవంతా ఈ ‘ఇష్టం’ దగ్గరే ఉంది. అది పహణిలో, అంటే ప్రభుత్వ భూమి రికార్డులో, పేరున్న ఆసామిదా, ఆ నేలను గుత్తకు తీసుకుని టమాటా, ద్రాక్ష పండిస్తున్న కుటుంబానిదా?

ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ కర్ణాటక భూసంస్కరణల చట్టానికి చేసిన 2020 సవరణను తప్పుపడతారు. అందులో న్యాయం లేకపోలేదు. వ్యవసాయేతర ఆదాయం ఏడాదికి 25 లక్షలు దాటినవారు సాగుభూమి కొనరాదన్న 79ఎ సెక్షన్, సేద్యం చేయని సంస్థలను అడ్డుకున్న 79బి సెక్షన్ ఆ ఏడాదే పోయాయి. కానీ గుత్తదారుకు దెబ్బ తగిలింది 2020లో కాదు, అంతకు 46 ఏళ్ళ ముందు.

1974 మార్చి 1న, ముఖ్యమంత్రి దేవరాజ్ అరసు హయాంలో, అదే చట్టానికి చేసిన ఒక సవరణ అమల్లోకి వచ్చింది. ఆ రోజున కౌలులో ఉన్న భూములన్నీ ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. ఫారం 7 అనే దరఖాస్తు నింపి భూ ట్రిబ్యునల్ ముందు సాగు రుజువు చేసుకున్న కౌలుదారు ఆ భూమికి హక్కుదారు అయ్యాడు. దరఖాస్తుల గడువు 1979 జూన్ 30 దాకా సాగింది. ఎన్నో పేద ఇళ్ళలో తొలిసారి సొంత భూమి కాగితం కనిపించింది. ఆ మేలును తక్కువ చేయడం అన్యాయం.

అదే చట్టంలోని 5వ సెక్షన్, సైనికులు, నావికుల వంటి కొద్దిమందిని మినహాయించి, ఇకపై ఎవరూ సాగుభూమిని కౌలుకు ఇవ్వరాదంది. కౌలు ఆగలేదు, నోటిమాటగా మారింది. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు నుంచి వచ్చి గుత్తకో, కోరుకో (పంటలో వాటాకో) భూమి పట్టే మన తెలుగు కుటుంబాల చేతిలో నేటికీ చీటీ ముక్క ఉండదు. పీఎం కిసాన్ సొమ్ము ఆసామి ఖాతాకే చేరుతుంది. బ్యాంకు పంట రుణానికి పహణి అడుగుతుంది. సరిహద్దు దాటితే, ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారుకు 11 నెలల సాగు పత్రం ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలన్నది నిజమే, అయినా అడగడానికి ఒక పత్రమంటూ ఉంది.

కాగితం రాసిస్తే భూమి చేజారుతుందని ఆసాములు భయపడతారు. 1974 చూసిన ఇళ్ళలో ఆ భయం సహజమే.

ఆ భయానికి వెల చెల్లిస్తున్నది మాత్రం గుత్తదారే. సేకరణకు ముందు మూడేళ్ళుగా సాగుచేస్తూ అదే జీవనాధారంగా బతికే కౌలుదారులనూ 2013 కేంద్ర భూసేకరణ చట్టం బాధిత కుటుంబాల్లో చేర్చింది. నోటిమాట గుత్తకు ఆ మూడేళ్ళు ఎలా రుజువు చేస్తారు? ఉందని చెబితే చట్టవిరుద్ధమైన కౌలును తామే ఒప్పుకున్నట్టు.

2020 సవరణ 79ఎ, 79బి సెక్షన్లను 2020 నుంచి తీసేయలేదు. 1974 మార్చి 1 నుంచే లేనట్టు రద్దు చేసింది. 5వ సెక్షన్ నిషేధం మాత్రం అలాగే ఉంచింది.