సోడా చప్పబడితే మూతని తిట్టకండి: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం కంచరపాలెంలో మా సోడా షెడ్డుకి ఎండాకాలం కొనేవాళ్లకంటే అడిగేవాళ్లే ఎక్కువ వస్తారు. వీళ్లంతా ఇంట్లో చిన్న సోడా మిషన్ పెట్టుకుని, నిమ్మ సోడా, అల్లం సోడా సీసాల్లో పట్టుకునేవాళ్లు. అందరిదీ ఒకటే గోల: "బాబూ, రాత్రి పట్టాను, పొద్దున్నకి చప్పబడిపోయింది. గట్టి మూతలు ఎక్కడ దొరుకుతాయి?"

అపోహ: మూత బిగిస్తే గ్యాస్ నిలుస్తుంది.

వాస్తవం: మీరు మూత పెట్టేసరికే గ్యాస్ సగం పోయి ఉంటుంది. మిషన్ సీసాలోంచి వేరే సీసాలోకి పోసేటప్పుడే పోతుంది. కావాలంటే పట్టిన ప్లాస్టిక్ సీసాని కాసేపు బయట ఉంచి, చేత్తో నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉండి, గ్లాసులో మాత్రం చప్పగా ఉందంటే మూత తప్పేం లేదు. మెత్తగా ఉంటే నీళ్ల బకెట్లో ముంచండి. బుడగలొస్తే అప్పుడు మార్చండి మూత.

అసలు దొంగ వేడి. మామూలు గాలి ఒత్తిడిలో, సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. 25 డిగ్రీలకి వచ్చేసరికి అది 0.8 లీటర్లు కూడా ఉండదు. మరి మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో విశాఖలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇది నాకు చదివితే వచ్చింది కాదు, పరువు పోతే వచ్చింది. కొన్నేళ్ల కిందట గాజువాకలో ఒక పెళ్లికి నిమ్మ సోడా ఒప్పుకున్నాను. సీసాలు కడిగి ఎండలో ఆరబెట్టాను. పాకం పొయ్యి మీంచి దించి, సరిగా చల్లారకుండానే పోశాను. మీద సోడా పోయగానే బుస్సుమని నురగ పొంగి చేతుల మీదుగా కారిపోయింది. మూతలు మాత్రం బలే బిగించాను! పంతిలో పెళ్లికొడుకు మేనమామ ఒక గుక్క తాగి, "ఏమయ్యా, పంచదార నీళ్లకి కూడా డబ్బులు తీసుకుంటావా?" అన్నాడు.

అప్పట్నుంచి నీళ్లు, పాకం, ఖాళీ సీసా, మూడూ రాత్రంతా చల్లబడాల్సిందే. ఫ్రిజ్‌లో పట్టకపోతే ఐస్ తొట్టిలో. (ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి తెచ్చిన ఐస్ తొట్టిలోకే, తాగేదాంట్లోకి కాదు. ఒకసారి మా తమ్ముడు వేశాడు, ఆ సోడా వాసన ఇంకా నా ముక్కులో ఉంది.) నిమ్మరసం వడకట్టండి, పిప్పి చుట్టూ బుడగలు లేచిపోతాయి. సీసాని లోపల చన్నీళ్లతో తడిపి, ముందు పాకం, తర్వాత సోడా, సీసా వంచి గోడ వెంట జారేలా పోయండి. పైన రెండు వేళ్ల ఖాళీ చాలు. పట్టాక కదపకుండా ఫ్రిజ్‌లో పెట్టండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సగం తాగిన సీసాని నొక్కి మూత పెడితే గ్యాస్ నిలవదు. సీసా మళ్లీ ఉబ్బడానికి కావలసిన గ్యాస్ సోడాలోంచే వస్తుంది. మూతిలో చెంచా పెట్టడం వట్టి మాట. గోలీ సోడాలో గ్యాస్ ఎక్కువేం కాదు. లోపలి గ్యాసే గోలీని పైకి తోసి వాషర్‌కి అదిమిపెడుతుంది, అంతే. 1870ల్లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ కనిపెట్టిన ఉపాయం అది.

ఒకావిడ అయితే పాపం, "ఇది వంటగ్యాసేనా అన్నయ్యా, పిల్లలు తాగేశారు" అని వణికిపోతూ వచ్చింది. కాదమ్మా, మనం ఊపిరి వదిలితే బయటికొచ్చేదే ఇదీను. టెన్షన్ పడకండి.

టెన్షన్ పడాల్సింది వేరేచోట. మంచినీళ్ల సీసా పల్చన, ఒత్తిడికి ఆగదు. కూల్ డ్రింక్ సీసాకి అడుగున ఐదు కాళ్లలా ఉండేది అందుకే, దాన్నే వాడండి. అల్లం, పంచదార, ఈస్ట్ వేసి పులియబెట్టే రకం పానీయాన్ని జామ్ సీసాల్లాంటి గాజు సీసాల్లో అస్సలు బిగించొద్దు. పంచదార ఉన్నంతసేపూ లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ సీసాలో పోసి, సీసా గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి మార్చండి. మా వీధిలో ఒకాయన గాజు సీసాలు అటక మీద పెట్టాడు. రాత్రి రెండింటికి అవి పేలితే ట్రాన్స్‌ఫార్మర్ అనుకుని అందరం రోడ్డు మీదకొచ్చాం.