బాలికి వెళ్లేవాళ్లకు: వీసా అక్కడే ఇస్తారు నిజమే, ఆపేది మాత్రం చెన్నైలోనే (అపోహలు - వాస్తవాలు)

నిన్న సాయంత్రం కూడా అదే మాట. ఒకాయన కుర్చీలో కూర్చోకముందే, "బాలికి వీసా అక్కర్లేదంట కదన్నా, టికెట్లు కొట్టేయండి" అన్నాడు. పాస్‌పోర్టులు తెచ్చారా అని అడిగితే, "అవి ఇంట్లో బీరువాలో భద్రంగా ఉండాయి" అన్నాడు. బీరువాలో భద్రంగా ఉన్న పాస్‌పోర్టంటేనే నాకు టెన్షన్.

తిరుపతిలో తిలక్ రోడ్డు పక్క సందులో చిన్న ఆఫీసు నాది. మొదట్లో కాశీ, రామేశ్వరం బస్సులు వేసేవాణ్ణి. ఇప్పుడు కొత్తగా పెళ్లయిన జంటల దగ్గర్నుంచి రిటైరైన టీచర్ల దాకా ఇండోనేషియా, అందులోనూ బాలి దీవి అడుగుతున్నారు. వాళ్లకు ఎవరో ఏదో చెప్పి ఉంటారు. అందులో సగం పుకారు. మిగతా సగంలో నిజం ఉన్నా, అది అరకొర నిజమే.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ ఇది: "వీసా ఆన్ అరైవల్ కాబట్టి ఇక్కడ చూసుకోవాల్సిందేమీ లేదు."

వీసా దిగాక ఇస్తారు, నిజమే. 5 లక్షల రూపాయాలు కడితే 30 రోజులకు ఇస్తారు. అంకె చూసి కంగారు పడకండి, రూపాయా వాళ్ల డబ్బు. మన లెక్కలో రెండున్నర వేల పైచిలుకు. కానీ ఆ కౌంటరు దాకా చేరాలంటే ముందు చెన్నైలోనో బెంగళూరులోనో విమానం ఎక్కనివ్వాలి కదా. ఎక్కించేది విమాన సంస్థ. అక్కడ దిగాక మిమ్మల్ని వెనక్కి పంపితే ఆ ఖర్చు, తలనొప్పి దాని నెత్తిన పడతాయి. అందుకే చెక్ ఇన్ కౌంటరులో పాస్‌పోర్టు గడువును వేలు పెట్టి మరీ చూస్తారు. ఇండోనేషియాలో అడుగుపెట్టే రోజుకు ఇంకా 6 నెలలు చెల్లుబాటు ఉండాలి. టికెట్ కొన్న రోజు నుంచి కాదు, దిగే రోజు నుంచి లెక్క. 5 నెలల 25 రోజులు ఉన్నా ఎక్కనివ్వరు. బతిమాలితే కరిగే విషయం కాదది.

"మాకు ఆ సంగతి తెలుసన్నా" అంటారు చాలామంది. తెలిసినవాళ్లే ఇరుక్కుంటారు. ఎక్కడంటే, పిల్లల దగ్గర.

మూడేళ్ల కిందట పుత్తూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. నలుగురి పాస్‌పోర్టులూ ఒకేరోజు ఫొటోలు దిగి, ఒకేసారి తీయించుకున్నవి. ఆయన తనది చూపించి, "ఇంకా ఐదేళ్లు ఉంది, అందరివీ ఒకటే తేదీ" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ సరేననడమే నా తప్పు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు పదేళ్లకు ఇస్తారు. చిన్నపిల్లలకు ఐదేళ్లకే. ఇచ్చిన తేదీ అందరిదీ ఒకటే, ముగిసే తేదీ వేరు. పిల్లలవి ఇంకో నాలుగు నెలల్లో అయిపోతున్నాయి.

రాత్రి పదకొండుకు చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్. కౌంటరులో అమ్మాయి పెద్దవి రెండూ ఒక పక్కన, చిన్నవి రెండూ ఇంకో పక్కన పెట్టిందట. ట్రాలీ మీద నాలుగు పెట్టెలు, వాటి మీద చిన్నవాడి ఈత టైరు. ఫోన్లో వాడి గొంతు నాకు వినిపిస్తూనే ఉంది: "నాన్నా, నేను ఎక్స్‌పైర్ అయిపోయినానా?" ఆయన నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. టికెట్లు, హోటలు కలిపి లక్షా ఎనభై వేలు. సగం నేను భరించాను, అది దానం కాదు, నా తప్పు ఖరీదు.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒకటే రూలు. చంటిబిడ్డతో సహా ఎంతమంది వెళ్తే అందరి పాస్‌పోర్టుల ఫొటోలు, మొదటి పేజీ, చివరి పేజీ వాట్సాప్‌లో రావాలి. ఆ తర్వాతే అడ్వాన్స్ మాట.

గడువు తక్కువుంటే భయపడాల్సిందేమీ లేదు. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. గడువుకు ఏడాది ముందే రీఇష్యూకు పెట్టుకోవచ్చు. మామూలు 36 పేజీల పుస్తకానికి పెద్దలకు 1500, పిల్లలకు 1000. తత్కాల్ అయితే ఇంకో 2000. పిల్లలకు తల్లిదండ్రులు సంతకం చేసిన అనెక్సర్ డి అనే డిక్లరేషన్ కాగితం కావాలి. "బ్రోకరుకు ఎనిమిది వేలు ఇస్తే గానీ అవ్వదంట" అని అడిగేవాళ్లకు నా దగ్గర ఓపిక లేదు. ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకోండి, మీరే వెళ్లండి.

ఇదే కోవలో ఇంకోటి. కొత్త పాస్‌పోర్టు రాగానే దేవుడి దగ్గర పెట్టి పసుపు, కుంకుమ పెడతాం. పెట్టండి, కాదనను. పైన వేసే కవరు మీద పెట్టండి. ఫొటో ఉన్న పేజీ మీద కుంకుమ మరక, చిరిగిన అంచు, తడిసి ఉబ్బిన అట్ట, వీటిలో ఏది ఉన్నా బాలి ఎయిర్‌పోర్టులో చాలా పట్టిపట్టి చూస్తారు. పాడైన పాస్‌పోర్టుతో వెళ్లినవాళ్లను వెనక్కి పంపిన సందర్భాలున్నాయి.

మదనపల్లె నుంచి వచ్చిన ఒకమ్మ కథ వేరు. ఆమె పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంది, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) కావాలని. కువైట్‌లో ఉన్న తమ్ముడు "ఆ ముద్ర ఉంటే నిన్ను దేశం దాటనివ్వరు" అని చెప్పాడట. కొడుకు టికెట్ కొనిస్తానంటే కూడా వద్దని ఏడుస్తా ఉంది. అమ్మా, ఆ ముద్ర పనికి వెళ్లేవాళ్ల కోసం. ఆ జాబితాలోని 18 దేశాల్లో ఇండోనేషియా ఉన్న మాట నిజమే. కానీ చూసి రావడానికి వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాలు చేతిలో ఉంటే చాలు. ఆమె వెళ్లొచ్చింది కూడా.

ఇక వాతావరణం. జూన్, జులైలో వానలని భయపడి సంక్రాంతి సెలవులకు మార్చుకుంటారు. తిరగేశారు! బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా వానలు, జనవరిలో మరీ ఎక్కువ. ఏప్రిల్ నుంచి అక్టోబరు పొడి కాలం. మన పిల్లల ఎండాకాలం సెలవులకు సరిగ్గా సరిపోతుంది.

ఉగాది సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. బాలివాళ్లు కూడా శక సంవత్సరమే లెక్కపెడతారు. వాళ్ల కొత్త సంవత్సరం పేరు న్యెపి. మనం ఉగాదికి పచ్చడి చేసుకుని పంచాంగం వింటాం. వాళ్లు నిప్పు ముట్టించరు, పని చేయరు, వీధిలోకి రారు, వినోదం ఉండదు. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు. పర్యాటకులైనా హోటల్ గేటు దాటకూడదు, దాటితే పెచలాంగ్ అనే ఊరి కావలివాళ్లు వెనక్కి పంపుతారు. 2023లో రెండు పండుగలూ మార్చి 22నే పడ్డాయి. 2026లో రెండూ మార్చి 19న. కానీ 2024లో న్యెపి మార్చి 11న, మన ఉగాది ఏప్రిల్ 9న. కాబట్టి ప్రతి ఏడూ చూసుకోవాల్సిందే. 2023లో వెళ్లిన మా కస్టమర్లు ఒక జంట, వేపపువ్వు పొట్లం కట్టుకుని మరీ వెళ్లారు. సాయంత్రం కర్టెన్లు వేసేసిన గదిలో, మసక దీపం కింద పచ్చడి కలుపుకుని తిన్నామని చెప్పారు. ముందురోజు రాత్రి ఊరేగించే ఓగో ఓగో రాక్షస బొమ్మలు చూశాం, అదొక్కటే చాలన్నారు. ముందే తెలిసి వెళ్లారు కాబట్టి పండుగైంది. తెలియకుండా వెళ్లుంటే నాకు ఫోన్ వచ్చేది.

"హిందువుల ఊరు కాబట్టి శాకాహారం దొరుకుతుంది." దొరుకుతుంది, కానీ ఆ కారణంగా కాదు. అక్కడి హిందువులకు పంది మాంసం పండుగ వంట. ఉత్త కూరగాయల వేపుడులో కూడా రొయ్యల ముద్ద పడొచ్చు, తెరాసి అంటారు దాన్ని. "తెరాసి వద్దు" అని అడిగి చెప్పించుకోండి.

గుళ్ల విషయంలో మనవాళ్లకు ఇంకో నిరాశ. తిరుమలలో దర్శనానికి సంప్రదాయ దుస్తులని మనం పట్టుబడతాం. బాలికి వెళ్లి సరోంగ్ అనే లుంగీలాంటి గుడ్డ నడుముకు చుట్టుకోమంటే మాత్రం చిరాకుపడతాం. అన్నిటికీ మించి, గర్భగుడి, మూలవిరాట్టు ఉంటాయనుకుని వెళ్తారు. చిత్తూరు నుంచి వెళ్లిన ఒక పెద్దావిడ ప్రతి గుళ్లోనూ డ్రైవరును "సామి యాడ?" అని అడిగిందట. అక్కడ పద్మాసన అని ఎత్తయిన రాతి పీఠం ఉంటుంది, పైన ఖాళీగా. పరమాత్మకు వేసిన ఆసనం అది. తీర్థాన్ని వాళ్లు కూడా తీర్థ అనే అంటారు. చల్లాక తడి బియ్యపు గింజలు నుదుట అంటిస్తారు. ఆవిడ ఆ గింజలు రెండు పర్సులో దాచుకుని వచ్చింది, నాకు చూపించింది.

మిగతావి గబగబా. బైకు అద్దెకిస్తున్నారని మన లైసెన్సుతో నడపకండి. టూవీలర్ కూడా రాసి ఉన్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అది లేకుండా బండి మీంచి పడితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. చవగ్గా ఉందని సింగపూర్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకోటి విడివిడి టికెట్లు కొనకండి. మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాలంటే సింగపూర్ వీసా కావాలి. బాలికి పర్యాటక రుసుము లక్షా యాభై వేల రూపాయాలు, 2024 ఫిబ్రవరి నుంచి ఉంది, వీసా డబ్బులకు అది అదనం. బంగినపల్లి పళ్లు పెట్టెలో పెట్టుకోకండి.

సున్నాల లెక్క: చివరి మూడు సున్నాలు కొట్టేసి ఐదున్నరతో గుణించండి, కాస్త అటూ ఇటూగా మన రూపాయలు వస్తాయి. ఇది చెప్పడం మర్చిపోయి ఒక కుర్రాణ్ణి హనీమూన్‌కు పంపాను. రాత్రి హోటల్లోంచి గుసగుసగా ఫోన్: "అన్నా, ఇద్దరికీ భోజనానికి మూడు లక్షలు అడగతా ఉండారు, ఏం చేయమంటావు?" పదహారు వందలు రా నాయనా అన్నాను. అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అట్లయితే ఇంకో ఐస్‌క్రీమ్ చెప్తా న్నా" అని పెట్టేశాడు.