చేప చెవిలో దాగిన వయసు

తెల్లవారుజామున చెన్నై కాశిమేడు హార్బర్‌లో వేలంపాట హడావుడి మధ్య స్కేలూ నోటుబుక్కూ పట్టుకున్న మెరైన్ బయాలజీ విద్యార్థులు ఎదురవుతుంటారు. నెల్లూరు, విశాఖల నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న మన పిల్లలూ వాళ్లలో ఉంటారు. చేపల పొడవు కొలిచి, బరువు రాసుకుని, తలలు మాత్రం కొని ల్యాబ్‌కు పట్టుకెళ్తారు. ఆ తలల్లో మెదడు దగ్గర, లోపలి చెవిలో ఉండే తెల్లటి రాళ్ల కోసమే ఇదంతా.

వాటి పేరు ఓటోలిత్‌లు. చేప వినడానికీ, నీళ్లలో ఒరిగిపోకుండా నిలవడానికీ పనికొచ్చే ఈ రాళ్లు మూడు జతలుంటాయి. ఎక్కువగా అరగొనైట్ అనే సున్నపు ఖనిజం పొర మీద పొర పేరుకుని తయారవుతాయి. ఎముక కరిగి మళ్లీ కట్టుకుంటుంది కానీ, ఇక్కడ ఒకసారి పడిన పొర చేప బతికినన్నాళ్లూ చెదరదు. రాయిని పలచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మానులో లాగా వలయాలు కనిపిస్తాయి.

చలిదేశాల చేపల్లో ఏడాదికో వలయం స్పష్టంగా ఉంటుంది. మన బంగాళాఖాతంలో చలికాలానికీ వేసవికీ అంత తేడా ఉండదు కాబట్టి గీతలు మసకబారతాయి. 1971లో జార్జియో పనెల్లా అనే శాస్త్రవేత్త రోజుకో సన్నగీత కూడా పడుతుందని చూపించాక ఉష్ణమండల పరిశోధకులకు దారి దొరికింది. ఒకే రాయిని ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు. పొంతన కుదరకపోతే మళ్లీ మొదలు. ఎంత టెన్షన్ అయినా ఈ ఓపిక తప్పదు, ఎందుకంటే వయసు తప్పితే వేట లెక్కే తప్పుతుంది. న్యూజిలాండ్ లోతు సముద్రంలో ఆరెంజ్ రఫీ చేపను విపరీతంగా పట్టేశారు. అది వందేళ్లు దాటి బతుకుతుందనీ, గుడ్లు పెట్టే ఈడు రావడానికే ఇరవై ఏళ్లకు పైగా పడుతుందనీ తేలేసరికి చాలాచోట్ల నిల్వలు అడుగంటాయి.

మన గోదావరి పులసకూ ఈ విద్య పనికొస్తుంది. స్ట్రాన్షియం అనే మూలకం సముద్రపు నీళ్లలో ఎక్కువ, నదిలో తక్కువ. రాతి పొరల్లో దాని పాళ్లు కొలిస్తే ఆ చేప ఏ వయసులో ఉప్పునీళ్లలో ఉందో, ఎప్పుడు ఏరెక్కిందో అంచనా కట్టవచ్చు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు, చేపలు గుడ్లు పెట్టుకోవాలని. పిల్లచేప రాతిలో రోజు గీతలు లెక్కపెట్టి, పట్టిన తేదీ నుంచి వెనక్కి వెళ్తే అది పుట్టిన రోజు దొరుకుతుంది. ఏ జాతి పిల్లలు ఆ 61 రోజుల్లో పుట్టాయో, ఏవి బయట పుట్టాయో జాతివారీగా తేల్చుకోవచ్చు. రెండు నెలలు పని మానుకునే మత్స్యకారులకు మనం ఆ లెక్క చూపించి తీరాలి.