చేప ప్రోటీన్‌ని ఎంజైముతో కరిగించి పొడి చేయడం: అపోహలు, వాస్తవాలు

అపోహ: చేప కాస్త మెత్తబడినా ఎంజైము చూసుకుంటుంది.
వాస్తవం: ఎంజైముకు తెలిసింది ప్రోటీన్‌ని కోయడమే. కవళ్లు, ట్యూనా ఎండలో పడి ఉంటే బాక్టీరియా వల్ల పుట్టే హిస్టమిన్ అనే విషపదార్థం దానికి లొంగదు, మరిగించినా పోదు. ఐసులో పెట్టని సరుకును ట్యాంకులోకి రానివ్వకండి.

అపోహ: ఎంజైము ఎక్కువ వేస్తే, ఎక్కువసేపు ఉంచితే మంచి పొడి వస్తుంది.
వాస్తవం: వచ్చేది చేదు. ప్రోటీన్ మడతల్లో దాగిన ల్యూసిన్, ఫినైల్అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు ముక్కల చివర బయటపడి నాలుకకు తగులుతాయి.

లెక్క ఇలా వేయాలి. ఫిల్లెట్ తీసేశాక మిగిలిన రోహు ముళ్లగూడు 100 కిలోలు మిన్స్ చేసి, 100 లీటర్ల నీళ్లు కలపండి. ముళ్లగూడు బరువులో ప్రోటీన్ 15 శాతం అనుకుంటే 15 కిలోలు. దాని మీద 1 శాతం ఆల్కలేజ్ (ప్రోటీన్‌ని కోసే ఎంజైము), అంటే 150 గ్రాములు. చాలామంది చేప బరువు మీద లెక్కేసి కిలో పోసేస్తారు! 55 డిగ్రీలు, పీహెచ్ 8, గంటసేపు. మొదట సంకటిలా తిరగని ముద్ద పావుగంట, ఇరవై నిమిషాలకే చారులా పలచబడుతుంది, ముళ్లు తెల్లగా ఊడొస్తాయి. కోతపడే కొద్దీ పీహెచ్ దిగుతుంది, ఫుడ్ గ్రేడ్ కాస్టిక్ సోడాతో నిలబెట్టాలి. ఎంత సోడా పట్టిందన్నదే ఎంత కోతపడిందో చెప్పే కొలత. ఆ సోడాను చివర ఆమ్లంతో విరిచాక ఉప్పు మిగులుతుందని మరవకండి.

ఆపడానికి 90 డిగ్రీలు, 15 నిమిషాలు. జాకెట్ (ట్యాంకు చుట్టూ వేడినిచ్చే పొర) మీటరు చూసి కాదు, ట్యాంకు నడిమధ్య 90 చేరినప్పటి నుంచి లెక్క. ఇక్కడ తొందరపడితే ఎంజైము చల్లారేలోపు ఇంకా కోస్తూనే ఉంటుంది. చేదు అప్పటికే వస్తే ఫ్లేవర్‌జైమ్ లాంటి మరో ఎంజైము ముక్కల చివరలు కొరికి కొంత తగ్గిస్తుంది, పూర్తిగా కాదు.

అపోహ: మటన్‌లో వేసే పచ్చి బొప్పాయి చాలు.
వాస్తవం: అందులోనిదీ ప్రోటీన్‌ని కోసే ఎంజైమే, పేరు పపైన్. చేప సహజ పీహెచ్‌లోనే పనిచేస్తుంది, సోడా అక్కర్లేదు. కాకపోతే కాయకూ కాయకూ బలం మారుతుంది. యాక్టివిటీ రాసి ఉన్న పొడే కొనండి.

అపోహ: నూనె పొడిలో ఉంటే బలం.
వాస్తవం: నెలలోపే ముక్కిన వాసన. వేడిగా ఉండగానే సెంట్రిఫ్యూజ్‌లో నూనె తీసేయాలి. ఆరబెట్టిన పొడిని ఏసీ గదిలోనే ప్యాక్ చేయండి, లేకపోతే గాలి తేమకే బెల్లం గడ్డలా బిగుస్తుంది.

అపోహ: ఇంత కోసేశాక చేప అలర్జీ ఉన్నవాళ్లూ తినొచ్చు.
వాస్తవం: తినకూడదు. అలర్జీ తెచ్చే ముక్కలు మిగిలే ఉంటాయి, లేబుల్ మీద చేప అని రాయాల్సిందే.