పీహెచ్‌డీకి ఎన్ని లక్షలు కట్టాలి సార్?

కనిగిరి వైపు అమ్మాయి, ఎంఏ ఎకనామిక్స్. నాన్న బేల్దారి మేస్త్రి. పోయిన నెల స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, పక్కవాళ్లకు వినపడకుండా అడిగింది: "సార్, పీహెచ్‌డీకి ఎన్ని లక్షలు కట్టాలి?" ఒంగోల్లో పాఠాలు చెప్పే ఇన్నేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! ఎవరో చుట్టం ఐదు లక్షలంటాడు, వాట్సాప్‌లో ఇంకొకడు పది చేస్తాడు, పిల్ల అక్కడితో ఆగిపోతుంది.

అపోహ: పీహెచ్‌డీ డబ్బున్నోళ్ల చదువు.

వాస్తవం: యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు యూజీసీ వాళ్లే మీకిస్తారు. హాస్టల్ లేకపోతే ఇంటద్దె అలవెన్సు వేరే. ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు ఈ డబ్బు ముందు ఏపాటి?

అలాగని ఇంటి పరిస్థితితో పని లేదనను. అమెరికా యూనివర్సిటీ ప్రొఫెసర్లలో తల్లికో తండ్రికో పీహెచ్‌డీ ఉన్నవాళ్లు మామూలు జనంలో కంటే 25 రెట్ల దాకా ఎక్కువని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. అలాంటి ఇళ్లలో ఏ ఏడు ఏ పరీక్ష రాయాలో అన్నాల దగ్గరే తెలిసిపోతుంది. ఫెలోషిప్ పడటం నాలుగు నెలలు ఆలస్యమైనా పొయ్యి ఆగదు. మన పిల్లలకు ఆ రెండూ లేవు, టెన్షన్ పడటంలో తప్పేముంది?

నా సంగతే చూడండి. నాన్న కందుకూరు దగ్గర పొగాకు రైతు. నా పీజీ అయిన ఏడాది వేలంలో ధర పడిపోయి, పొగాకు కాల్చే బ్యారన్ మీద అప్పు మిగిలింది. నేను ఇంటర్ కాలేజీలో చేరి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ చూసుకున్నాను. జేఆర్‌ఎఫ్ అంటే నెలనెలా డబ్బిస్తారని తోటి లెక్చరర్ టీ తాగుతూ అన్నప్పుడు నాకు 29. అప్పటి వయసు పరిమితి 28. పీహెచ్‌డీ చేశాను, కాకపోతే జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో, చాలా ఆలస్యంగా. నాన్ననేమనాలి? ఆయనకు తెలిసిన పెద్ద చదువు డిగ్రీ.

ఇప్పుడు జేఆర్‌ఎఫ్‌కు పరిమితి 30. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో బాగా కలిగినవాళ్లు, అంటే క్రీమీలేయర్, కానివాళ్లు), ఎస్సీ, ఎస్టీలకూ ఆడపిల్లలందరికీ ఇంకో ఐదేళ్లు. అదే నెట్‌తో వచ్చే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైతే వయసు అడ్డమే కాదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. తెలుగు మీడియం వాళ్లకు నెట్ రాదట. ప్రశ్నలన్నీ ఆబ్జెక్టివ్, ఇంగ్లిష్‌లో చదివి అర్థం చేసుకుంటే చాలు, వ్యాసాలు రాయక్కర్లేదు. రికమండేషన్ కావాలట. కంప్యూటర్‌లో దిద్దే పరీక్షకు ఎవరి రికమండేషన్? పొలం మీద ఆదాయం వస్తే క్రీమీలేయరట. క్రీమీలేయర్ తేల్చే ఏడాదికి 8 లక్షల ఆదాయం లెక్కలో వ్యవసాయ ఆదాయం కలపరు.

ఆ అమ్మాయి నిన్న ఊరి సచివాలయం బయటి నుంచి ఫోన్ చేసింది. చేతిలో పెట్టింది రాష్ట్ర బీసీ సర్టిఫికెట్టట. "అది పనికిరాదమ్మా, కేంద్రానికి చెల్లే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అడుగు, లైన్లోంచి కదలకు" అన్నాను.